దిగిన రంగే ఫ్యాషనయింది

మన ఆరంబాక్కం పక్కనుండే పులికాట్ పేరు మీదనే పళయకాట్ లుంగీ అన్నారు. డచ్చివాళ్లు 1613లో అక్కడ కోట కట్టి, మన గుడ్డలు ఓడల్లో పంపేవాళ్లు. మద్రాసు గళ్ల గుడ్డ నైజీరియాకూ పోయింది. అక్కడి కలబారీ ఆడోళ్లు అందులో కొన్ని దారాలు కోసి లాగేసి, కొత్త డిజైన్ తీశారు. ఇప్పుడు వాళ్ల శుభకార్యాలకూ చావులకూ అదే గౌరవం.

అమెరికాలో 1960 ప్రాంతాన మద్రాసు చొక్కా ఉతికితే రంగు దిగేది. మిల్లులో అయితే అది డ్యామేజీ. వ్యాపారులు ఆ దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు. కాలేజీ పిల్లకాయలు ఎగబడి కొన్నారు.

కాబట్టి తాత లుంగీని చూసి నవ్వేవాళ్లను నవ్వనీండి. సిగ్గుపడకుండా ఒకరు కడితేనే పదిమందీ కడతారు. నేసినోళ్ల పేరు మాత్రం ఏ చొక్కా మీదా ఉండదు. అది మనమే పిల్లలకు చెప్పాల.