కట్ట కొలత, బావి కొలత

అనంతపురము జిల్లాలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. ఈ కొద్దిపాటి నీటిని నిలుపుకొనుటకే విజయనగరరాజుల కాలమున బుక్కరాయసముద్రము వంటి చెరువులు వెలసినవి. ఊరూర బావులు త్రవ్వబడినవి. ఇట్టి పనులలో కూలివాని కూలి, ఊరి ఖర్చు, కట్ట క్షేమము మూడును ఒక్క లెక్కపై ఆధారపడియున్నవి. అదియే అడ్డుకోత వైశాల్యము.

సొరకాయను అడ్డముగా కోసినచో కనబడు ముఖము అడ్డుకోత. బడి పుస్తకములలో దీనిని మధ్యచ్ఛేదమందురు. ఆ ముఖపు వైశాల్యమును పొడవుతో గుణించినచో మట్టి యెంతయో, నీరెంతయో తెలియును.

మొదట చెరువుకట్టను చూతము. అది పైన ఇరుకు, అడుగున వెడల్పు. పై వెడల్పును అడుగు వెడల్పును కూడి, సగము చేసి, ఎత్తుతో గుణింపవలెను. పైన 2 మీటర్లు, అడుగున 18 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు అనుకొందము. సగటు వెడల్పు 10. అడ్డుకోత 40 చదరపు మీటర్లు. నూరు మీటర్ల కట్టకు 4,000 ఘనమీటర్ల మట్టి. పై వెడల్పును మాత్రమే కొలిచినచో అడ్డుకోత 8 అని తేలును. అడుగు వెడల్పును మాత్రమే కొలిచినచో 72 అగును. రెండును తప్పే.

అదే పై వెడల్పుతో, అదే వాలుతో కట్టను 5 మీటర్లకు ఎత్తుచేసితిమా, అడుగు 22 మీటర్లగును, అడ్డుకోత 60 అగును. ఎత్తు నాల్గవవంతు పెరిగిన, మట్టి సగము పెరిగినది. మట్టిని పొదుపు చేయుటకై వాలును తగ్గించినచో కట్ట జారును. సున్నముతో కట్టిన రాతిగోడ తక్కువ వాలుతో నిలుచును గనుక దాని అడ్డుకోత చిన్నది. పదార్థము మారిన ఆకారము మారును గాని లెక్క మారదు.

పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తులను, దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిన సంగతిని అందు చెక్కించిరి. కొలతను పదిమందికి తెలియునట్లు రాతిపై నిలుపుట అప్పటికే కలదు.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. ఇట్టి పనులలో మట్టిపని కూలి ఘనమీటర్ల లెక్కపై కట్టబడును. త్రవ్విన మట్టి వదులై ఉబ్బును గనుక గుట్టను గాక గోతిని కొలువవలెను. లోతు అంతటను సమముగా లేనిచో నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయవలెను. నడుమ త్రవ్వక విడిచిన సాక్షిదిబ్బ తొలి నేలమట్టమును చూపును.

ఇక గుండ్రని బావి. అడ్డుకొలతను దానితోనే గుణించి, 11చే హెచ్చించి, 14చే భాగింపవలెను. అడ్డము 7 మీటర్లయిన వైశాల్యము 38.5 చదరపు మీటర్లు. నీరు ఒక్క మీటరు ఊరిన 38,500 లీటర్లు. అడ్డము 14 మీటర్లయిన వైశాల్యము 154, అనగా నాలుగింతలు. త్రవ్వుడు ఖర్చును అట్లే పెరుగును. ఏడు మీటర్ల బావిలో చుట్టును అరమీటరు మందమున రాతికట్టు కట్టినచో లోపల మిగులు అడ్డము 6 మీటర్లు, వైశాల్యము సుమారు 28.3. ఆ రాయి చోటులో నాల్గవవంతునకు మించి తీసికొనినది. గట్టి రాతినేలలో ఈ కట్టు అక్కరలేదు. మెత్తని నేలలో తప్పదు.

గొట్టమునకును ఇదే న్యాయము. లోపలి అడ్డము నాలుగంగుళములైన ఒక గొట్టమునకు రెండంగుళముల గొట్టములు రెండు గావు, నాలుగు సరి. రాపిడివలన ఆ నాలుగును కూడ అంత నీటిని మోయలేవు.

కట్ట అంతటను ఒకే తీరున నుండదు. కావున పెద్దలు పని ఆరంభమునకు ముందే ప్రతి 20 మీటర్లకు ఒకచోట పై వెడల్పు, అడుగు వెడల్పు, ఎత్తు కొలిపించి వ్రాయింపవలెను. పని ముగిసిన పిదప అవే చోట్ల మరల కొలిపించి, రెండు లెక్కలను రచ్చబండ మీద చదివింపవలెను. పోసిన మట్టి ఎంతయో, దానికి ఇచ్చిన పైకము సరియగునో కాదో అప్పుడు ఊరందరికిని తెలియును.