చిలగడదుంప: సాగులో మెళకువ, పొయ్యి మీద ఓర్పు

ఢిల్లీ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ద్వారక ఉపనగరంలో చలికాలం ప్రవేశించగానే మెట్రో స్టేషన్ల వద్ద, సెక్టార్ల బజార్లలో శకర్‌కంది బండ్లు కనిపిస్తాయి. బొగ్గుల సెగ మీద మెల్లగా కాల్చిన దుంపను ఒలిచి, ముక్కలుగా కోసి, నల్ల ఉప్పు, మసాలా చల్లి, నిమ్మరసం పిండి దొప్పలో పెట్టి ఇస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది క్రొత్త వస్తువు కాదు. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనసుగడ్డ, తెలంగాణలో రత్నపురి గడ్డ, మొరంగడ్డ అని పిలిచే దుంపయే అది. ఉత్తరాదిన కార్తీక శుద్ధ ఏకాదశికి, మన ప్రాంతంలో మహాశివరాత్రికి దీని గిరాకీ పెరుగుతుంది. ఈ గిరాకీని అందుకోవడంలోనే రైతు లాభనష్టాలు ఇమిడి ఉన్నాయి. అందుకు సాగు మెళకువలతోపాటు దుంపలో తీపి ఎలా పుడుతుందో కూడా తెలుసుకొనుట అవసరం.

వాతావరణం, నేల

చిలగడదుంప ఉష్ణమండలపు పంట. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుండి ప్రపంచమంతటా వ్యాపించినది. 21 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత దీనికి మిక్కిలి అనుకూలం. మంచును ఎంతమాత్రం తట్టుకోలేదు. కనుక ఢిల్లీ పరిసరాలలో వర్షాకాలంలో నాటి, చలి ముదరక మునుపే త్రవ్వవలసి ఉంటుంది. మన రాష్ట్రాలలో అటువంటి నిర్బంధం లేదు. ఖరీఫ్‌లో జూన్, జూలై నెలలలోను, రబీలో అక్టోబరు, నవంబరు నెలలలోను నాటుకోవచ్చును. నీరు నిలువని ఇసుక గరపనేలలు శ్రేష్ఠం. బరువైన బంకనేలలో దుంపలు వంకరలు తిరుగుతాయి.

తీగ ఎంపిక

ఈ పంటకు విత్తనం తీగయే. 20 నుండి 30 సెంటీమీటర్ల పొడవు గల కొన తీగలను మాత్రమే ఎంచుకొనవలెను. ఇందుకు కారణం ఉన్నది. ఈ పంటకు ప్రధాన శత్రువైన ముక్కుపురుగు తీగ మొదలు భాగంలోను, దుంపలలోను గ్రుడ్లు పెడుతుంది. మొదలు ముక్కను నాటిన రైతు పురుగును తానే పొలానికి తెచ్చుకొన్నవాడవుతాడు. తీగలు సరఫరా చేసే డీలర్లు ఈ విషయంలో రైతుకు జవాబుదారీ వహించవలెను. కోసిన తీగలను ఆకులతో సహా కట్టలు కట్టి రెండు రోజులు నీడలో ఉంచి నాటిన యెడల వేళ్లు త్వరగా పట్టుతాయి.

60 సెంటీమీటర్ల దూరంలో బోదెలు వేసి, బోదెపై 20 సెంటీమీటర్లకొక తీగ చొప్పున, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటవలెను. ఈ లెక్కన ఎకరాకు సుమారు 33,700 తీగలు కావలెను.

రకాల విషయానికి వస్తే, 1963లో స్థాపించబడిన తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ అనేక రకాలను రూపొందించినది. వాటిలో శ్రీభద్ర సుమారు 90 రోజులలో పక్వానికి వస్తుంది. 2017లో విడుదలైన భూసోనా నారింజ రంగు కండ గల రకం. దీని 100 గ్రాముల దుంపలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దానిని విటమిన్ ‘ఎ’గా మార్చుకొంటుంది. ఇటువంటి నారింజ రంగు దుంపలను ఆఫ్రికా పేద కుటుంబాలకు చేర్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార పురస్కారం లభించినది.

ఎరువులు, నీరు, సస్యరక్షణ

ఎకరాకు 2 టన్నుల చివికిన పశువుల ఎరువుతోపాటు 20 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ అవసరం. అనగా సుమారు 44 కిలోల యూరియా, 63 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. భాస్వరం, పొటాష్ మొత్తాన్ని, నత్రజనిలో సగాన్ని నాటునప్పుడు, మిగిలిన సగాన్ని నెల రోజులకు వేయవలెను. తీగ పచ్చగా పెరుగుతున్నదని యూరియా అదనంగా వేసిన రైతుకు చివరకు దక్కేది పశుగ్రాసమే గాని దుంప కాదు. తీగలను అప్పుడప్పుడు ఎత్తి తిప్పుచుండవలెను. లేనిచో కణుపు కణుపుకు వేళ్లు దిగి ప్రధాన దుంపల పెరుగుదల తగ్గుతుంది.

నేల బీటలు వారినప్పుడు ముక్కుపురుగు ఆ సందులలో నుండి దుంపను చేరుతుంది. కాబట్టి రెండవ నెలలో మట్టిని ఎగదోసి దుంపలు బయటపడకుండా కప్పవలెను. లింగాకర్షక బుట్టలు అమర్చుట, అదే పొలంలో వరుసగా ఇదే పంట వేయకుండుట, గట్ల మీది ఇదే జాతి అడవి తీగలను పెరికివేయుట తప్పనిసరి. పురుగు కొద్దిగా తొలిచినా దుంప అంతా చేదెక్కుతుంది. అట్టి దుంపలు మనుషులకే గాక పశువులకు కూడా పనికిరావు. వాటిని పొలంలో వదలక ఏరి నాశనం చేయవలెను.

త్రవ్వకం, నిల్వ

రకాన్ని బట్టి పంట 90 నుండి 120 రోజులకు పక్వమవుతుంది. ఒక దుంపను కోసి చూడవలెను. కారిన పాలు తెల్లగా ఆరిన పంట ముదిరినట్లు, ఆకుపచ్చగా లేదా నల్లగా మారిన ఇంకా లేతగా ఉన్నట్లు.

శివరాత్రి గిరాకీ కోరేవారు పంచాంగం చూచి నాటవలెను. ఈ పండుగ 2026లో ఫిబ్రవరి 15న, 2027లో మార్చి 6న వస్తుంది. 110 రోజుల రకానికి, ఆరబెట్టుటకు, రవాణాకు మరి 10 రోజులు కలిపి లెక్కించిన, మొదటి దానికి అక్టోబరు 18, రెండవ దానికి నవంబరు 6 నాటు తేదీలవుతాయి. ఏటా ఒకే తేదీకి నాటేవారి సరకు ఒక్కొక్క ఏడు పండుగ దాటిన తరువాత సంతకు చేరుతుంది. అయితే ఊరంతా ఒకే వారం త్రవ్విన ధర నిలువదు. కనుక పొలాన్ని రెండు మూడు భాగాలు చేసి పది రోజుల ఎడంతో నాటుట క్షేమకరం.

త్రవ్విన దుంపలను కడుగరాదు. గాలి ఆడే నీడలో వారం రోజులు ఉంచిన గాయాలు మాని తోలు గట్టిపడుతుంది. తీపి కూడా పెరుగుతుంది. వీటిని శీతల గిడ్డంగిలో బంగాళాదుంపల సరసన పెట్టరాదు. 12 డిగ్రీల కంటె తక్కువ చలిలో లోపలి కండ చెడి, ఉడికించినా గట్టిగానే ఉంటుంది.

వంటలో తీపి రహస్యం

ద్వారక బండిపై దుంప మన ఇంటి దుంప కంటె తీయగా ఉండుటకు కారణం నిదానపు సెగయే. దుంపలోని ఒక ఎంజైము సుమారు 60 నుండి 75 డిగ్రీల వేడిలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. వేడి అంతకు మించితే అది పనిచేయదు. పెద్ద మంటపై గబగబ ఉడికించిన ఆ మార్పుకు వ్యవధి చాలదు. మన పెద్దలు పొయ్యి ఆరిన తరువాత వేడి బూడిదలో దుంపలు కప్పి పెట్టుటలోని మర్మమిదే. కాల్చిన దుంపలో చక్కెర అధికం కనుక మధుమేహం ఉన్నవారు ఉడికించినదానిని మితంగా తినుట మేలు. ముక్కల పులుసులోను, బెల్లం చేర్చి బూరెల పూర్ణంలోను కూడా దీనిని వాడవచ్చును.

రుణ సదుపాయం

1998లో ప్రవేశపెట్టబడిన కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా పంట పెట్టుబడికి రుణం పొందవచ్చును. ఎకరాకు ఎంత ఇవ్వవలెనో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. వడ్డీ రాయితీ పథకం క్రింద 3 లక్షల రూపాయల వరకు గల స్వల్పకాలిక రుణాన్ని గడువులోగా చెల్లించినవారికి వడ్డీలో 3 శాతం అదనపు రాయితీ ఉన్నది. తమ మండలంలో ఈ పంటకు బీమా వర్తించునో లేదో నాటక మునుపే శాఖలో విచారించుకొనవలెను.

పసుపు, మిరప వలె చిలగడదుంపను గిడ్డంగిలో ఉంచి రసీదుపై రుణం తీసుకొని మంచి ధరకై వేచి ఉండుట సాధ్యం కాదు. పంట చేతికి వచ్చిన కొద్ది వారాలలోనే అమ్మకం, ఆ వెంటనే బాకీ చెల్లింపు జరగవలెను. అందుచేత కొనుగోలుదారుని నిశ్చయించుకొనుట త్రవ్విన నాడు కాదు, తీగ నాటిన నాడే మొదలుపెట్టవలసిన పని.