ఒప్పుకున్నాక ఎక్కడికి?

"ఒప్పేసుకో, తొందరగా బయటపడతావు." ఏ కోర్టు వరండాలోనైనా వినిపించే మాటే ఇది. మన ఊరివాడికి ఒక్కోసారి మంచి సలహాయే. పరాయి దేశస్థుడికి మాత్రం సగం సలహా. పోర్ట్ బ్లెయిర్‌లో క్రిమినల్ కేసులు వాదించే నేను అలాంటి క్లయింటు విషయంలో ముందు ఆలోచించేది ఒకటే: శిక్ష అయ్యాక ఇతను ఎక్కడికి వెళ్తాడు?

మయన్మార్ వాళ్ల కోకో దీవులు మా ఉత్తర అండమాన్‌కు దగ్గరే. సీ కుకుంబర్ కోసం అక్కడి జాలర్లు ఇటు వచ్చి పట్టుబడుతుంటారు. దాన్ని పట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం, అనుమతి లేకుండా దేశంలోకి రావడం ఇంకో నేరం. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబర్ 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఒక జాలరితో జైల్లో మాట్లాడిన రోజు బాగా గుర్తు. ఛార్జిషీటు ఇంగ్లిషులో ఉంది, అతనికి వచ్చింది బర్మా భాష. మా మధ్య మాయాబందర్ నుంచి వచ్చిన కరెన్ పెద్దాయన కూర్చున్నాడు. (1925లో బ్రిటిష్‌వాళ్లు బర్మా నుంచి తెచ్చి అక్కడ స్థిరపరిచిన కుటుంబాల మనిషి.) వకాల్తా మీద వేలిముద్ర వేశాక, ఆ సిరా వేలిని లుంగీకి తుడుచుకుంటూ అతను అడిగింది శిక్ష గురించి కాదు, పడవ గురించి. పడవ యజమానిది, అప్పు తనది. పడవ తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేకపోయాను.

శిక్ష పూర్తయితే మనవాడు జైలు గేటు దాటి బస్సెక్కుతాడు. ఈ జాలరికి ఆ దారి లేదు. ఢిల్లీలోని మయన్మార్ ఎంబసీ ఊరూ పేరూ సరిచూసి, మా దేశస్థుడే అని తేల్చేదాకా కాపలాలోనే ఉండాలి. కాగితంలో ఊరి పేరు ఒక్క అక్షరం తప్పినా నెలలు గడిచిపోతాయి. అందుకే రిమాండు రోజునే ఊరి పేరు, తండ్రి పేరు పెద్దాయన చేత రెండుసార్లు పలికించి రాసుకుంటాను. అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని ఎంబసీకి కబురు చేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతోంది.

ఇల్లు చేరడమే ప్రాణాపాయమైతే? 1998 ఫిబ్రవరిలో ల్యాండ్‌ఫాల్ దీవిలో జరిగిన 'ఆపరేషన్ లీచ్' చూడండి. అరకాన్, కరెన్ మనుషులు ఆరుగురు కాల్పుల్లో చనిపోయారు, 34 మంది ఏళ్ల తరబడి జైలుపాలయ్యారు. ఆయుధాల స్మగ్లర్లని భారత సైన్యం అంది. మయన్మార్ సైనిక పాలనపై పోరాడేవాళ్లమని, భారత సైనికాధికారి పిలిస్తేనే వచ్చామని వాళ్లన్నారు. వాళ్ల న్యాయవాది నందితా హక్సర్ ఒకవైపు కేసు వాదిస్తూనే, ఇంకోవైపు వాళ్లను బర్మాకు అప్పగించకుండా చూసుకోవలసి వచ్చింది. కేసు కోల్‌కతాకు మారింది. 2010లో నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో ముగించుకున్నారు. ఆ శిక్షకు మించి ఎప్పుడో అనుభవించేశారు. అయినా ఢిల్లీకి వెళ్లగలిగింది 2011లో. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, కాబట్టి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ గుర్తింపే వాళ్లకు ఆసరా అయింది.

అదే 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిలా కేసులో, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని క్లయింటుకు ముందే చెప్పడం వకీలు బాధ్యత అని తేల్చింది. మన తెలుగు పిల్లలకూ ఇది పనికొచ్చే సంగతి. అక్కడ షాపులో చిన్న దొంగతనం కేసైనా, జరిమానా కట్టేస్తే పోయేదిలే అనుకుని ఒప్పుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. క్రిమినల్ వకీలుతో పాటు ఇమిగ్రేషన్ వకీలునూ అడగకుండా సంతకం చేయొద్దు.

ఇక్కడ బెయిలు ఇంకో చిక్కు. జామీను నిలబడే మనిషి ఉండడు. ఎంబసీ హామీ పత్రం తెమ్మనే షరతు ఒకటి ఉండేది. ఎంబసీ ఇవ్వకపోతే దానికోసం బెయిలు ఆపనక్కర్లేదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీలో ఉన్నవాడు ఏ దేశస్థుడైనా, 1987 చట్టం కింద ఉచిత వకీలును అడగొచ్చు. ఆ వకీలుతోపాటు భాష తెలిసిన మనిషిని కూడా మొదటి రోజే ఇప్పించమని నేను ప్రతి కేసులోనూ అర్జీ పెడుతున్నాను.