ముందుగా వేయు ఓటు

బాలలారా! కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయకుని ఆలయమును గూర్చి మీరు వినియుందురు. వార్షిక పరీక్షలకు ముందు అచ్చట కలములకు పూజ చేసి విద్యార్థులకు పంచిపెట్టుదురు. అదే ఐనవిల్లిలో కలముతో జరుగు మరియొక ముఖ్యకార్యము కలదు. పోలింగు కేంద్రమునకు పోయినవారు యంత్రముపై మీట నొక్కి ఓటు వేయుదురు. ఆ దినమునకు ముందే, కాగితముపై కలముతో గుర్తు పెట్టి ఓటు వేయువారును కొందరు కలరు. వారెవరు? ఆ ఓటు రహస్యముగా నెట్లు నిలుచును? తెలిసికొందము.

అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో ఏ ఓటరైనను పోలింగు దినమునకు ముందే కేంద్రమునకు పోయి ఓటు వేయవచ్చును. మన దేశమున అట్లు కాదు. ఆ దినమున తన కేంద్రమునకు రాజాలనివారిలో కొన్ని తరగతులవారికే చట్టము ఈ వీలు కల్పించినది. దీనిని పోస్టల్ బ్యాలెట్టు అందురు.

మొదటివారు సైనికులు. సరిహద్దున కావలి కాయు జవాను ఓటు వేయుటకై ఊరికి రాలేడు. అతనికి ఓటుపత్రము నేడు విద్యున్మార్గమున పంపబడును. అతడు దానిని కాగితముపై అచ్చు తీసి, గుర్తు పెట్టి, తపాలాలో తిరిగి పంపును. ఓట్ల లెక్కింపు మొదలగు వేళకు అది చేరవలెను.

రెండవవారు ఎన్నికల విధులలో నున్నవారు. మీకు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఆ దినమున వేరొక గ్రామమున పోలింగు అధికారియై కూర్చుండవచ్చును. వందలమందిచే ఓటు వేయించువానికి తన ఓటు లేకుండుట న్యాయమా? పూర్వము ఇట్టివారు తమ పత్రమును తపాలాలో పంపుచుండిరి. 2023లో నియమములు సవరింపబడినవి. ఇప్పుడు వారు ఫెసిలిటేషను కేంద్రమున పత్రము పుచ్చుకొని, అచ్చటనే ఓటు వేసి, అచ్చటనే అప్పగింపవలెను.

మూడవవారు వృద్ధులు, వికలాంగులు. 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకును లోక్‌సభకును ఒకేసారి పోలింగు జరిగినది. ఐనవిల్లి మండలము పి. గన్నవరము శాసనసభ నియోజకవర్గమునకును, అమలాపురము లోక్‌సభ నియోజకవర్గమునకును చెందినది. ఆ ఎన్నికలలో 85 ఏండ్లు నిండినవారికిని, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గలవారికిని ఇంటియొద్దనే ఓటు వేయు వీలు కలిగినది. లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటను ఈ వీలు కల్పించుట అదియే మొదటిసారి.

గోదావరి గట్టు నానుకొనియున్న లంక గ్రామమున, మంచము దిగలేని యొక అవ్వ ఉన్నదనుకొందము. ఆమె ముందుగా ‘12-డి’ అను ఫారము నింపి ఈయవలెను. ఎన్నికల నోటిఫికేషను వెలువడిన అయిదు దినములలో అది అధికారులకు చేరవలెను. ఇది నిర్బంధము కాదు, కోరినవారికి మాత్రమే. కాని ఒకసారి ఆమెకు పోస్టల్ బ్యాలెట్టు మంజూరైనచో, జాబితాలో ఆమె పేరునెదుట ఆ గుర్తు వేయుదురు. అటుపిమ్మట ఆమె కేంద్రమునకు పోయి ఓటు వేయుటకు వీలులేదు. ఒకరికి ఒకే ఓటు గదా!

తాము వచ్చు దినమును ముందుగా తెలిపి, పోలింగు సిబ్బంది ఆమె యింటికి వచ్చెదరు. అభ్యర్థుల ఏజెంట్లును వెంట రావచ్చును. జరుగు పనిని వీడియో తీయుదురు; కాని గుర్తు పెట్టునప్పుడు మరుగు కల్పింతురు. ఓటరు ఇంట లేనిచో రెండవసారి వత్తురు, మూడవసారి రారు. చూపు లేనివారికిని, చేయి స్వాధీనములో లేనివారికిని పెద్దవారొకరు తోడ్పడవచ్చును. మీకా వయసు ఇంకను రాలేదు.

కవరు చేతికిచ్చుచు అవ్వ అడుగవచ్చును: “బాబూ! నేనెవరికి వేసితినో రేపు ఊరందరికి తెలియదు గదా?”

“తెలియదండీ, మామ్మగారూ! ఇందులో రెండు కవరులున్నవి” అని అధికారి చెప్పును.

ఆ రెండు కవరులలోనే రహస్యమంతయు నున్నది. గుర్తు పెట్టిన ఓటుపత్రము చిన్న కవరులో నుండును. ఆ కవరుపై ఓటరు పేరుండదు. ఓటుపత్రపు సంఖ్య మాత్ర ముండును. “ఈ ఓటు వేసినది నేనే” అని సంతకము చేసిన డిక్లరేషను వేరుగా నుండును. ఈ రెండును కలిసి పెద్ద కవరులో చేరును. లెక్కింపు నాడు పెద్ద కవరు విప్పి మొదట డిక్లరేషనును పరిశీలింతురు. సంతకము లేకున్నను, సంఖ్యలు సరిపోలకున్నను చిన్న కవరును తెరువక యే త్రోసివేయుదురు. సరిగా నున్న డిక్లరేషనులన్నిటిని ఒక కట్టగా కట్టి ముద్ర వేయుదురు. ఆ తరువాతనే చిన్న కవరులు తెరతురు. పేర్లు ముద్రలోపల, ఓట్లు బల్లమీద. ఓటు వేసినది అర్హుడే యని తెలియును. ఎవరు ఎవరికి వేసిరో తెలియదు.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒక ఎన్నికలో తొందరపడి డిక్లరేషనుపై సంతకము చేయ మరచితిని. తపాలాపెట్టెలో కవరు పడిన పిమ్మట ఆ సంగతి తట్టినది. పేరు వ్రాయని జవాబుపత్రములకు సున్న వేసిన చేయి యిది! ఆ నాడు నా ఓటునకును సున్నయే మిగిలినది. తప్పు నాది, ఎవరిని అనగలను?

విద్యార్థులారా! పూర్వము 21 ఏండ్లు నిండినవారికే ఓటుహక్కు ఉండెను. 1989 నుండి 18 ఏండ్లు నిండినవారందరికిని ఆ హక్కు లభించినది. మీకును ఆ దినము దూరములో లేదు. అంతవరకు మీరు చేయగల పని యొకటి కలదు. ఎన్నికల ప్రకటన వెలువడినపుడు, నడువలేని మీ తాతగారికి, మామ్మగారికి ఫారము సంగతియు, గడువు సంగతియు చదివి వినిపింపుడు. ఎవరికి వేయుదురని మాత్రము అడుగకుడు. ఆ మాట వారికిని, ఆ చిన్న కవరునకును మాత్రమే తెలియవలెను.