ఇంటర్వ్యూ పేరు చెబితే చేను అమ్మొద్దు
విదేశీ పైలట్ ఉద్యోగానికి తొలి మెట్టు కంటి పరీక్ష

కదిరి (గ్రామీణ విలేకరి): మబ్బు కోసం ఆకాశం వంక చూడటం అనంతపురం రైతుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడని వాన. 2003 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం మేఘమథనం చేయించినప్పుడు ఈ మెట్ట పల్లెల మీదుగా చిన్న విమానాలు తిరిగాయి. అంతకు ముందే 1990లో పుట్టపర్తిలో విమానాశ్రయం వచ్చింది. 2008లో దేవనహళ్ళి దగ్గర బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరిచాక హిందూపురం, పెనుకొండ వైపు వారికి విమానం కొత్త వింత కాకుండా పోయింది. కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్, సౌదీలకు పనికి వెళ్ళినవారు ఎందరో ఉన్నారు.

తండ్రి విమానం ఎక్కి కూలికి వెళితే, కొడుకో కూతురో ఆ విమానాన్నే నడపాలనుకోవడంలో తప్పులేదు. అది మంచి కోరికే. అయితే దాన్ని సొమ్ము చేసుకునేవారు కూడా ఉన్నారు. “గల్ఫ్ విమాన కంపెనీలో పైలట్ ఇంటర్వ్యూ ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి” అనే మాటకు చేను తాకట్టు పెట్టే ముందు అసలు దారి ఏమిటో తెలుసుకోవడం అవసరం.

ఇంటర్వ్యూ చివరి మెట్టు

ఇంటర్ పాసైన కుర్రవాణ్ణి నేరుగా ఇంటర్వ్యూకు పిలిచి పైలట్ ఉద్యోగం ఇచ్చే విదేశీ కంపెనీ ఉండదు. ముందు వైద్య పరీక్ష, తర్వాత చదువు, లైసెన్సు, స్వదేశంలో అనుభవం, ఆ పైన విదేశీ ఇంటర్వ్యూ. ఇదే వరుస. గల్ఫ్ దేశాల పెద్ద కంపెనీలు మామూలుగా వేల గంటలు విమానం నడిపినవారినే పిలుస్తాయి. కాబట్టి మనవాళ్ళు ముందుగా ఇక్కడి కంపెనీలో కో-పైలట్‌గా చేరి కొన్నేళ్ళు పనిచేయాలి. అక్కడి నుంచి మానుకోవాలన్నా గడువు ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కమాండర్ ఏడాది ముందుగా నోటీసు ఇవ్వాలి.

ముందు కన్ను, తర్వాత లెక్కలు

డబ్బు ఖర్చు పెట్టే ముందు వైద్య పరీక్ష చేయించుకోవాలి. మొదట రెండో తరగతి పరీక్ష, అది నెగ్గితే మొదటి తరగతి పరీక్ష ఉంటాయి. డైరెక్టరేట్ గుర్తించిన డాక్టర్లే ఇవి చేయాలి. మనకు దగ్గరలో బెంగళూరులో వైమానిక దళానికి చెందిన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. కళ్ళద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. రంగులు గుర్తుపట్టలేని లోపం ఉంటే మాత్రం దారి మూసుకున్నట్టే. ఆ లోపం ఉన్న సంగతి చాలామందికి పరీక్షకు వెళ్ళేదాకా తెలియదు. లక్షలు కట్టాక తెలిస్తే ఆ ఇంటి గతేమిటి?

ఇక చదువు. ఇంటర్‌లో ఫిజిక్సు, మాథ్స్ ఉండాలి. వేరే గ్రూపు చదివినవారు ఆ రెండు సబ్జెక్టులను ఓపెన్ స్కూల్ ద్వారా రాసుకోవచ్చు. తర్వాత వాతావరణం, దారి లెక్కలు, విమాన నిబంధనలు, యంత్ర పరిజ్ఞానం వంటి పేపర్లు రాయాలి. ఒక్కోదానిలో నూటికి 70 మార్కులు వస్తేనే పాసు. రేడియోలో మాట్లాడటానికి మరో లైసెన్సు ఉంది. వీటితోపాటు 200 గంటలు విమానం నడిపితే కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వస్తుంది. 18 ఏళ్ళు నిండి ఉండాలి.

జాతీయ రహదారి మీద బెంగళూరు వెళ్ళేటప్పుడు వచ్చే జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మొదలైన స్కూలు అది. ఉత్తరప్రదేశ్‌లో రాయ్‌బరేలీ దగ్గర కేంద్రం నడిపే ఇందిరాగాంధీ ఉడాన్ అకాడమీకి ప్రవేశ పరీక్ష రాయాలి. ఖర్చు మాత్రం లక్షల్లోనే. లైసెన్సుకు స్థూలంగా 40 నుంచి 60 లక్షలు, ఆపైన ఒక రకం పెద్ద విమానం నేర్చుకోవడానికి మరికొన్ని లక్షలు అవుతున్నాయి. మెట్ట పొలం అమ్మి పెట్టే లెక్క కాదిది. బ్యాంకు అప్పు, ప్రభుత్వ సాయం చూసుకోవాలి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనాల్లో పైలట్ శిక్షణను కూడా చేర్చారు. ఇప్పటి షరతులేమిటో సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఇంగ్లీషు ప్రాణాల సంగతి

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి వద్ద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఒకటి ఢిల్లీ నుంచి సౌదీకి బయలుదేరిన విమానం. అందులో పొట్టకూటికి వెళ్తున్న మనదేశం కూలీలు ఎందరో ఉన్నారు. రెండోది ఢిల్లీకి వస్తున్న కజకిస్థాన్ విమానం. 15 వేల అడుగుల ఎత్తులో ఉండమని చెప్పినా అది ఇంకా కిందికి దిగింది. దాని సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది.

ఇటువంటి ప్రమాదాల తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇంగ్లీషు పరీక్ష తప్పనిసరి చేసింది. 2008 నుంచి అమలుకు వచ్చిన ఈ నిబంధనలో ఆరు స్థాయిలు ఉన్నాయి. కనీసం నాలుగో స్థాయి రావాలి. దొరల యాస రానవసరం లేదు. విన్నది సరిగా అర్థం చేసుకోవాలి, చెప్పేది ఎదుటివారికి స్పష్టంగా అర్థం కావాలి. అర్థం కానప్పుడు “మళ్ళీ చెప్పండి” అని అడగగలగాలి.

తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే జంకుతారు. జంకవలసిన పనిలేదు. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీటీ) పల్లె పిల్లలకు ఇంగ్లీషుతోపాటు స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ భాషలు నేర్పి ఉద్యోగాలకు పంపింది. శనక్కాయ చేలల్లో పెరిగిన పిల్లలకు జర్మన్ వచ్చినప్పుడు ఇంగ్లీషు రాదనడం సరికాదు. రోజూ అరగంట ఇంగ్లీషు వార్తలు వినడం, విన్నదాన్ని పైకి తిరిగి చెప్పడం ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంటర్వ్యూలో ఏముంటుంది?

అనుభవం సంపాదించి ఇంటర్వ్యూ పిలుపు అందుకున్నవారికి ఒక్క రోజుతో పని తీరదు. మొదట కంప్యూటర్ మీద లెక్కలు, జ్ఞాపకశక్తి, చేతికీ కంటికీ పొందిక చూసే పరీక్షలు ఉంటాయి. నలుగురైదుగురిని కూర్చోబెట్టి ఒక సమస్య ఇస్తారు. అందులో గట్టిగా అరిచినవాడికి మార్కులు రావు. ఎదుటివారి మాట విని, అందరినీ కలుపుకొని నిర్ణయానికి వచ్చినవాడికే వస్తాయి. తర్వాత సిమ్యులేటర్ అనే నకిలీ విమానంలో కూర్చోబెట్టి ఇంజను ఆగినట్టు, పొగమంచు కమ్మినట్టు పెట్టి చూస్తారు.

చదువు ప్రశ్నల్లో మనకు తెలిసిన సంగతులే ఎక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం విమానం లేవడానికి ఎక్కువ దూరం ఎందుకు పరుగెత్తాలి? ఎండకు గాలి పలచబడుతుంది గనుక. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న బెంగళూరులో ఎత్తు కూడా తోడవుతుంది. సాయంత్రం గోపురంలా లేచే నల్లమబ్బు, ఈదురుగాలి, వడగళ్ళు మన రైతు రోజూ చూసేవే. ఆ మబ్బులోకి పైలట్ పోడు, చుట్టూ తిరిగి వెళ్తాడు. ఎందుకో, ఎంత దూరం నుంచి తప్పుకోవాలో చెప్పగలగాలి.

చివరి ముఖాముఖిలో స్వభావం చూస్తారు. “కెప్టెన్ తప్పు చేస్తుంటే నువ్వేం చేశావు?” అనే మాదిరి ప్రశ్నకు బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. ఏం జరిగింది, తానేం చేశాడు, ఫలితం ఏమైంది అన్న వరుసలో జరిగినదే చెప్పాలి. పెద్దవారికి ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలకు ఇది కష్టమే. కానీ విమానంలో మర్యాద కోసం నోరు మూసుకుంటే అందరి ప్రాణాలు పోతాయి. మర్యాదగానే, గట్టిగా చెప్పడం నేర్చుకోవాలి. తెలియనిది తెలియదనడమూ అక్కడ అర్హతే.

లైసెన్సు, వైద్య పత్రం, పాస్‌పోర్టు, గంటలు రాసుకున్న లాగ్‌బుక్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఎగరని గంటలు రాసుకుంటే ఏనాటికైనా బయటపడుతుంది. 2011లో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన కొందరు పైలట్లు మన దేశంలోనే అరెస్టయ్యారు.

ముందు నడిచినవారు

విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య 17 ఏళ్ళకు రాయ్‌బరేలీ అకాడమీలో చేరారు. తండ్రి అప్పు చేసి చదివించారు. ఇంగ్లీషు మాట్లాడలేక మొదట్లో తోటివారి ముందు ఇబ్బంది పడ్డానని ఆమే చెప్పుకున్నారు. 19 ఏళ్ళకు ఎయిరిండియాలో చేరి, స్పెయిన్‌లో శిక్షణ పొంది, 2017 నాటికి బోయింగ్ 777 నడిపే మహిళా కమాండర్లలో ప్రపంచంలోనే పిన్న వయస్కురాలిగా పేరుపొందారు. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన బేకరీ కార్మికుడి కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా కూడా దాతల చేయూతతో చదివి లైసెన్సు పొందారు. పెద్ద విమానం శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం సాయం చేసింది. ఇద్దరూ ఈ మెట్లన్నీ ఎక్కినవారే. ఏజెంటు ఇప్పించిన ఇంటర్వ్యూతో పైలట్లు అయినవారు కారు.

డబ్బు అడిగితే మోసమే

ఏ పేరున్న విమాన కంపెనీ ఇంటర్వ్యూకు డబ్బు తీసుకోదు. దరఖాస్తు వారి సొంత వెబ్‌సైట్‌లోనే చేసుకోవాలి. ఏ విదేశీ ఉద్యోగానికైనా 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. అతడు తీసుకోదగిన రుసుము 30 వేలు, దానిపై పన్ను. అంతకు మించకూడదు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో మీసేవ కేంద్రంలోనో, చదువుకున్న పిల్లల ఫోన్‌లోనో చూడవచ్చు. ప్రవాసాంధ్రుల సంఘం (ఏపీ ఎన్‌ఆర్‌టీ) సాయం కూడా అడగవచ్చు. మోసపోతే పరువు పోతుందని దాచుకోకుండా వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

అధికారులు కూడా కొంత పూనుకోవాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఏడాదికి ఒకసారైనా ఈ కోర్సుల గురించి చెప్పించి, రంగులు గుర్తించే కంటి పరీక్ష ఉచితంగా చేయిస్తే ఎన్నో కుటుంబాలు అప్పుల పాలు కాకుండా ఉంటాయి. ఆ పరీక్షకు కావలసింది ఒక డాక్టరు, ఒక పుస్తకం, పది నిమిషాలు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ సంగతి ఆలోచించాలని తల్లిదండ్రులు కోరవలసి ఉంది.