ముక్కులో చుక్క, మెదడులో మందు: ఏది అపోహ, ఏది వాస్తవం

శబరి ఒడ్డున కుంటలోనైనా, ఇవతల చింతూరులోనైనా సంతలో ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే ఒకరు చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. ముక్కుకీ మెదడుకీ ఏదో దారి ఉందన్న నమ్మకం మనకు పాతదే. ఇప్పుడు దానికి కొత్త వార్తలు తోడయ్యాయి. నానో కణాల్లో నింపిన జీన్ సైలెన్సింగ్ మందును ముక్కులో కొడితే మెదడు జబ్బులు పోతాయన్నది వాటి సారాంశం. ఇలాంటి వార్త ఫోన్లలో చేతులు మారేకొద్దీ పెద్దదవుతుంది. మెదడుకెక్కే మలేరియాతో పిల్లలను పోగొట్టుకున్న బస్తర్ లాంటి చోట ఆ పెరుగుదల ప్రమాదకరం.

అపోహ: ముక్కులో వేసిన మందు నేరుగా మెదడుకు పోతుంది.

దారి ఉన్న మాట నిజం. ముక్కు పైకప్పులో, సుమారు కళ్ల మధ్య ఎత్తులో, వాసన పసిగట్టే నాడుల కొసలుంటాయి. అవి జల్లెడలాంటి ఒక ఎముక గుండా పుర్రెలోకి వెళతాయి. కానీ ఆ దారి చాలా ఇరుకు. మనిషి ముక్కు లోపలి పొరలో వాసన పట్టే భాగం పదో వంతు కూడా ఉండదు, ఎలుకలో దాదాపు సగం ఉంటుంది. ఎలుకల్లో గెలిచిన మందు మనిషిలో తడబడడానికి ఈ ఒక్క తేడా చాలు. దానికి తోడు చీమిడి. పడిన ప్రతిదాన్నీ అది పావుగంట, ఇరవై నిమిషాల్లో గొంతులోకి నెట్టేస్తుంది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో చాలాసార్లు ఇచ్చిన మందులో నూటికి ఒక వంతు కూడా మెదడు చేరలేదు.

ముక్కులో వేసేవన్నీ మెదడు మందులు కావు కూడా. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2023 జనవరి 26న విడుదల చేసిన కొవిడ్ ముక్కు టీకా మెదడుకు వెళ్లేది కాదు. మూర్ఛ ఆగనప్పుడు కొట్టే మిడజోలం స్ప్రే మెదడు మీద పనిచేస్తుంది గానీ, ముక్కు పొరలోని రక్తనాళాల్లో కలిసి ప్రధానంగా రక్తం ద్వారానే అక్కడికి చేరుతుంది.

అపోహ: జీన్ సైలెన్సింగ్ మందు జన్యువులను మార్చేస్తుంది, పుట్టబోయే పిల్లలకూ అంటుకుంటుంది.

జన్యువును కచేరీ బీరువాలోని అసలు దస్తావేజు అనుకోండి. కణంలో ప్రోటీన్ తయారీకి వెళ్లేది దాని నకలు మాత్రమే. ఈ రకం మందు నకలును ముక్కలు చేస్తుంది, బీరువా జోలికి పోదు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో ఒక చిన్న పురుగులో ఈ కిటుకును వివరించి 2006లో నోబెల్ అందుకున్నారు. మందు ప్రభావం తగ్గగానే కొత్త నకళ్లు మళ్లీ పేరుకుంటాయి. అందుకే కొలెస్టరాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్ సూదిని ఏటా రెండుసార్లు వేయించుకుంటూ ఉండాలి.

ఇది మోసం కాదు, నిజమైన వైద్యం. ఈ కోవలో మొదటి మందు పటిసిరాన్ 2018లోనే అమెరికాలో అనుమతి పొందింది. అయితే అదీ, ఇన్‌క్లిసిరానూ పనిచేసేది కాలేయంలో. మెదడులోని రక్తనాళాల గోడ కట్టుదిట్టంగా ఉండి ఇలాంటి పెద్ద అణువులను రానివ్వదు. వెన్నుపూసల మధ్య సూది గుచ్చి ఇచ్చే మందులు రావడానికి కారణం అదే. ఆ సూది బాధ తప్పించాలనే పరిశోధకులు ముక్కు వైపు చూస్తున్నారు. ఈ మందులోని ఆర్‌ఎన్‌ఏ ఎంజైముల దెబ్బకు ఇట్టే ముక్కలైపోతుంది గనుక దాన్ని కొవ్వు బొట్టులోనో, కైటోసాన్‌లోనో చుడతారు. కైటోసాన్ మన కోస్తాలో గుట్టలుగా పారబోసే రొయ్య పొట్టు నుంచి తీసేదే. ధనావేశం వల్ల చీమిడి పొరకు అతుక్కుని మందును కాసేపు నిలబెడుతుంది. హంటింగ్టన్ అనే మెదడు జబ్బున్న ఎలుకల్లో ఈ పద్ధతితో చెడ్డ జన్యువు నకళ్లు తగ్గాయి. మనుషుల మెదడు జబ్బులకు ముక్కు ద్వారా ఇచ్చే జీన్ సైలెన్సింగ్ మందు మాత్రం ఇంకా ఒక్కటీ అనుమతి పొందలేదు.

అపోహ: ఈ స్ప్రే వస్తే మెదడు మలేరియాకు సూదులు అక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఈ ఊహే. మొదటి సంగతి, ఈ మలేరియాను తెచ్చే ఫాల్సిపేరమ్ పరాన్నజీవి మెదడు కణజాలంలోకి దూరదు. అది చొరబడిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని దారి మూసేస్తాయి. శత్రువు రక్తంలోనే ఉన్నాడు, మందూ రక్తంలోకే వెళ్లాలి. రెండో సంగతి, నకళ్లను చింపే యంత్రాంగం ఆ పరాన్నజీవిలో అసలు లేనే లేదు. మన కణాల్లో పనిచేసే ఈ మందు దాని జన్యువుల నోరు మూయించలేదు.

పనిచేసే మందు మన దగ్గరే ఉంది. ఆర్టెసునేట్ ఇంజెక్షన్ ఆసుపత్రికి చేరగానే ఒకటి, పన్నెండు గంటలకు ఒకటి, ఇరవై నాలుగు గంటలకు మరొకటి వేస్తారు. అవసరమైతే రోజుకొకటి కొనసాగిస్తారు. తర్వాత మాత్రల కోర్సు పూర్తి చేయాలి. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, జ్వరం లేనివాళ్ల వేలి నుంచి కూడా రక్తపు చుక్క తీసి పరీక్షించారు. జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోస్తున్నవాళ్లు అక్కడ చాలామంది బయటపడ్డారు. ఎండలో, అడవి దారుల్లో నడిచి వాళ్లు చేసిన ఆ పనికి మించిన కొత్త సాంకేతికత నాకు కనబడదు.

సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బును కూడా ఈ స్ప్రేతో ముడిపెట్టకూడదు. ఆ జబ్బు మూలం ఎముక మజ్జలో ఉంది. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌జెవీ చికిత్సలో మూలకణాలను బయటికి తీసి, జన్యువునే కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. ముక్కుకు అందులో పని లేదు.

మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఉల్లిపాయ వద్దు, తాళాలూ వద్దు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరంతో ఉన్న బిడ్డ మగతగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, ఒక్కసారి మూర్ఛ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. దగ్గరున్నది సుక్మా అయితే సుక్మా, భద్రాచలం అయితే భద్రాచలం, బయల్దేరండి.