తొమ్మిది వేల బాకీ.. సొంత ఇంటికి అడ్డుగోడ

నరసరావుపేట: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బ్యాంకు గడప ఎక్కి చూడు అని కూడా ఇప్పుడు చేర్చుకోవాలేమో! రెక్కల కష్టం మీద నాలుగు డబ్బులు వెనకేసుకుని, మిగతాది బ్యాంకు ఇస్తుందిలే అని బయలుదేరిన కుటుంబాలకు ఎప్పుడో మరచిపోయిన బాకీ ఎదురొస్తోంది.

పట్టణంలో వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే ఒక మెకానిక్కు జరిగింది ఇదే. భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. పన్నెండేళ్లుగా అద్దె ఇళ్లే. "ఐదు కొంపలు మారాం. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లనడగాలి" అంటుందామె. శివారులో రెండు గదుల పాత ఇల్లు పదమూడు లక్షలకు కుదిరింది. లక్ష రూపాయలు బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్నారు. చీటీ పాడిన సొమ్ము రెండు లక్షలు చేతిలో ఉంది. మిగిలిన పది లక్షలకు బ్యాంకులో దరఖాస్తు పెట్టారు.

పది రోజులు తిరక్కుండానే కబురు వచ్చింది. "సిబిల్ బాగాలేదు. అప్పు రాదు" అన్నారు.

ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. 2018లో ఆయన వాయిదాల మీద మోటారు సైకిలు కొన్నారు. 2020లో కరోనా వచ్చి దుకాణం మూతపడింది. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు ఆపుకునేందుకు రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది. ఆ తరువాత కూడా పని పుంజుకోలేదు. వాయిదాలు తప్పాయి. 27 వేల బాకీకి 18 వేలు ఒక్కసారి కడితే చాలని ఫైనాన్సు సంస్థ వసూలు మనిషి చెప్పాడు. ఉంగరం తాకట్టు పెట్టి కట్టారు. బాకీ తీరిందనుకున్నారు.

కాని రికార్డులో 'సెటిల్డ్' అని పడింది. అంటే పూర్తిగా కట్టలేదు, రాజీ చేసుకున్నారని అర్థం. పూర్తిగా కడితే 'క్లోజ్డ్' అని పడేది. ఈ రెండు మాటల మధ్య తేడా తొమ్మిది వేల రూపాయలు.

చిట్టా ఎవరి దగ్గరుంది?

వెనకటికి ఎవరు మాట మీద నిలబడతారో ఊరి షావుకారుకు తెలిసేది. ఇప్పుడు ఆ చిట్టా రాసే సంస్థలు దేశంలో నాలుగున్నాయి. 2000లో ఏర్పడిన సిబిల్ పేరు జనం నోట నానింది. మిగతావి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఇవి పనిచేస్తున్నాయి. అప్పుల వివరాలను బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు వీటికి పంపుతాయి. వాటిని బట్టి 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తారు. 750 దాటితే బ్యాంకులు సాధారణంగా మంచిదిగా చూస్తాయి.

అయితే ఇన్ని మార్కులుంటేనే అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు గీత గీయలేదు. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో ఈ మాటే చెప్పింది. నిర్ణయం బ్యాంకుదే. అంటే ఒకసారి కాదన్నంత మాత్రాన అన్ని తలుపులూ మూసుకున్నట్టు కాదు.

తెలియక చిక్కుకునేవారు

పల్లెల్లో ఈ బాధ ఇంకో రకం. 2014లో కుటుంబానికి లక్షన్నర వరకు పంట రుణాల మాఫీ ప్రకటించారు. సొమ్ము విడతలుగా వచ్చింది. ఎలాగూ మాఫీ అవుతుంది గదా అని కట్టకుండా ఆగిన రైతుల ఖాతాలు గడువు మీరాయి. వడ్డీ పెరిగింది. ఎందుకు ఆగారో చిట్టాకు అక్కర్లేదు. కట్టారా లేదా అన్నదే దానికి కావాలి.

మొహమాటానికి జామీను పడ్డవారిదీ ఇదే గతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారుకూ అప్పు తీసుకున్న వానితో సమానంగా బాధ్యత ఉంటుంది. బావమరిది ఎగ్గొడితే బావ పేరు కూడా చెడుతుంది.

దారి లేకపోలేదు

బయానా ఇవ్వకముందే చిట్టా చూసుకోవడం మొదటి పని. నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తమది కాని అప్పు, తీరిపోయినా తీరనట్టున్న అప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అప్పటికీ పలకకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు రిజర్వు బ్యాంకు ఫోను నంబరు 14448.

బాకీ నిజమే అయితే మిగతా సొమ్ము కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, రికార్డు సరిచేసి పంపమని సంస్థను రాతపూర్వకంగా అడగాలి. తప్పిన వాయిదాల గుర్తు వెంటనే పోదు. చిన్న అప్పయినా సరే, తేదీ తప్పకుండా కడుతూ పోతే నెమ్మదిగా మార్కులు పెరుగుతాయి. అప్పు చరిత్ర బాగున్న భార్యనో కొడుకునో దరఖాస్తులో కలుపుకుంటే కొంత బలం. డబ్బిస్తే సిబిల్ చెరిపేస్తామనే దళారుల మాట నమ్మరాదు. నిజమైన బాకీని ఎవరూ చెరపలేరు.

బ్యాంకు కాదంటే ప్రైవేటు గృహరుణ సంస్థలు ఇవ్వవచ్చు. కాని వడ్డీ చూసుకోవాలి. పది లక్షలు ఇరవై ఏళ్లకు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెల వాయిదా సుమారు 8,680 రూపాయలు. పన్నెండు శాతమైతే 11,010. ఇరవై ఏళ్లలో తేడా దాదాపు అయిదు లక్షల అరవై వేలు!

మెకానిక్ ఆ తొమ్మిది వేలూ కట్టేశారు. పత్రం చేతికి రావడానికి, చిట్టా మారడానికి నెలలు పట్టింది. ఈలోగా అగ్రిమెంటు గడువు దాటింది. యజమాని ఇల్లు వేరొకరికి అమ్ముకుని, బయానాలో సగం తిరిగిచ్చాడు. "తొమ్మిది వేలు మిగిలాయని ఆ రోజు సంబరపడ్డాం. ఇప్పుడు యాభై వేలు పోయాయి" అన్నారాయన.

ఆరు నెలలు ఆగి, ఇద్దరి పేర్లతో మళ్లీ దరఖాస్తు పెట్టమని బ్యాంకు వారు చెప్పారు. ఉంగరం ఇంకా తాకట్టులోనే ఉంది. దాని వడ్డీ మాత్రం నెలనెలా తేదీ తప్పకుండా కడుతున్నారు. బాకీ లేదన్న ఆ పత్రాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో రేషన్ కార్డు పక్కన దాచింది.